ఆట మనకు దాసుడా, యజమానుడా?

వాక్యభాగములు: జెకర్యా 8:5, దానియేలు 1:8-16, 1 కొరింథీయులకు 6:12



ఒక బుధవారపు సాయంకాలము స్త్రీల ప్రార్థనకూటము ముగిసిన తరువాత, మన సంఘములోని ఒక తల్లి అందరును వెళ్లిపోవువరకు చాపలు చుట్టుచు నిలిచియుండెను. ఆమె విధవరాలు. మిరపకోతలకు పోయి, కూలి తెచ్చుకొని, ఒక్కగానొక్క కుమారుని చదివించుకొనుచున్నది. పిల్లవాడు పదియవ తరగతి. “అయ్యగారూ, మావాడు రాత్రి రెండింటిదాకా సెల్లులో ఆటలాడుతున్నాడండి. బడిలో నిద్రపోతున్నాడని మాస్టారు కబురు పెట్టారు. సెల్లు లాక్కుంటే అన్నం ముట్టడు. ఇది పాపమా అండీ, రోగమా?” అని ఆమె కన్నీటితో అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పితిమి. “పాపమేనమ్మా. ఆ సెల్లు పెట్టెలో పెట్టి తాళం వేయండి. వాణ్ణి ఆదివారం మా దగ్గరకు పంపండి” అంటిమి. ఆ ఆదివారము పిల్లవాడు గుడికి రాలేదు. మరుసటి ఆదివారమును రాలేదు. సంగతి పూర్తిగా వినక మునుపే ఉత్తరమిచ్చువాడు తన బుద్ధిహీనతను బయటపెట్టుకొనునని సామెతల గ్రంథము 18వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఆ వచనముమీద మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. ఈసారి ఆ వచనమే మామీద ప్రసంగించెను.

కాబట్టి, ప్రియులారా, ఆ తల్లి ప్రశ్నను ఈ నెల మనమందరము కలిసి నిదానముగా ఆలోచింతము. ఇది ఒక యింటి ప్రశ్న కాదు. 2020వ సంవత్సరములో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు పాఠములు సెల్లులో వచ్చుచున్నవని చెప్పగా, అప్పుచేసి ఫోను కొన్న కుటుంబములు మన పల్లెలలో అనేకము గలవు. పాఠములు బడికి తిరిగి వెళ్లినవి. ఫోను ఇంటిలోనే నిలిచినది. పాఠముల వెంట వచ్చిన ఆటలును నిలిచినవి.

ఆట దేవునికి విరోధమైనదా?

మొదట ఒక మాట నిశ్చయముగా చెప్పవలెను. ఆట పాపము కాదు. పాడైపోయిన యెరూషలేమును దేవుడు మరల కట్టుదునని జెకర్యా ప్రవక్తద్వారా వాగ్దానము చేసినప్పుడు, ఆ పట్టణము బాగుపడినదనుటకు గురుతుగా ఏమి చూపెను? చేతికఱ్ఱ పట్టుకొని కూర్చున్న ముసలివారిని, వీథులనిండ ఆడుకొను మగపిల్లలను ఆడపిల్లలను చూపెను. పిల్లలు నిర్భయముగా ఆడుకొను ఊరు దేవుడు కాపాడిన ఊరని భావము. మన ప్రభువును సంతవీథిలో పిల్లలు ఆడు ఆటలను గమనించి, తన ఉపమానములో వాడుకొనెను.

ఇక ఈ తెరమీది ఆట ఎక్కడనుండి వచ్చినది? 1958లో అమెరికా దేశమున బ్రూక్‌హావెన్ అను పరిశోధనశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను శాస్త్రజ్ఞుడు, శాల చూడవచ్చినవారు విసుగు చెందకుండుటకు చిన్న గాజుతెరమీద టెన్నిసు ఆటను అమర్చెను. జనులు దానికొరకు వరుసలు కట్టిరి. 1972లో పాంగ్ అను ఆట అంగళ్లలోనికి వచ్చెను. ఇప్పుడు అట్టివి వేలకొలది మన అరచేతిలో నున్నవి. ఇది సాతాను ఒకరాత్రి విత్తిన గురుగు అనుట తేలిక. కాని మొదట చేసినవాడు అతిథులను సంతోషపెట్టుటకే చేసెను. కాబట్టి దాని ఫలములనుబట్టి దానిని పరీక్షింతము.

మేలు ఏమి?

మేలు కొంత గలదు. దానిని దాచుట సత్యము కాదు. పొట్టకు చిన్న రంధ్రము చేసి, సన్నని కెమెరాను లోపలికి పంపి, తెరమీద చూచుచు చేయు శస్త్రచికిత్స యున్నది గదా. దానిని సాధన చేయు 33 మంది వైద్యులను అమెరికాలో పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. పూర్వము వారమునకు మూడు గంటలకంటె ఎక్కువగా వీడియో గేములు ఆడిన వైద్యులు, ఎన్నడును ఆడనివారికంటె నూటికి 37 వంతులు తక్కువ తప్పులు చేసిరి. నూటికి 27 వంతులు వేగముగా పని ముగించిరి. 2003లో మరి యిద్దరు పరిశోధకులు, వేగముగా సాగు ఆటలు ఆడువారి కన్ను ఒక్కసారిగా ఎక్కువ వస్తువులను పట్టగలుగుచున్నదని చూపిరి. ఏ పనిమీదను మనస్సు నిలుపలేని 8 నుండి 12 ఏండ్ల పిల్లల చికిత్సలో తోడ్పాటుగా, వైద్యుని చీటీమీద ఇచ్చు ఒక ఆటకు 2020 జూనులో అమెరికా ఔషధశాఖ అనుమతి నిచ్చెను.

ఇందులో ఆశ్చర్యమేమి? అభ్యాసము చేతికి నేర్పు తెచ్చును. వెంట్రుకకు గురిపెట్టి వడిసెల విసిరి గురితప్పని ఏడువందలమంది ఎడమచేతివారు బెన్యామీను గోత్రములో నుండిరని న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయములో చదువుచున్నాము. వారు పుట్టుకతోనే గురి నేర్చిరా? చిన్ననాట రాళ్లు విసిరి ఆడుకొనియే నేర్చియుందురు.

అయితే మన యువకులు ఈ మాటను పట్టుకొని తల్లిదండ్రులతో వాదింపకమునుపు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది, ఆ వైద్యుల లెక్క వారమునకు మూడు గంటలు. రాత్రికి మూడు గంటలు కాదు. రెండవది, ఆటవలన చేతికి నేర్పు వచ్చెనో, చేతినేర్పు గలవారే ఆటను ప్రేమించిరో, ఆ లెక్క ఒక్కటే తేల్చి చెప్పలేదు. మూడవది, 2018లో అనేక పరిశోధనలను కలిపి తూచి చూచినవారు, ఆటవలన వచ్చు నేర్పు సాధారణమైన తెలివిని పెంచుచున్నదనుటకు బలమైన ఆధారము కనబడలేదనిరి. మోటబావిలో ఈత నేర్చినవాడు చెరువులోను ఈదగలడు. అంతమాత్రమున తాడిచెట్టు ఎక్కగలడా? ఆటలో ఆరితేరినవాడు ముఖ్యముగా ఆ ఆటలోనే ఆరితేరును. లెక్కలు నేర్చుకొనుటకు లెక్కలే చేయవలెను.

కీడు ఏమి?

ఇప్పుడు రెండవ పళ్లెమును చూతము. తుపాకులతో కాల్చు ఆటలు పిల్లలను హంతకులుగా చేయునని కొందరు భయపడుదురు. అమెరికాలోని మనశ్శాస్త్రజ్ఞుల సంఘము 2020లో దీనిని విచారించి, అట్టి ఆటలకును హత్యలవంటి ఘోరములకును సంబంధము కలదనుటకు తగిన ఆధారము లేదనెను. అయితే అరచుట, త్రోయుట వంటి దురుసుతనముతో కొంత సంబంధము కనబడుచున్నదని చెప్పెను. మనము లేని భయమును చూపి పిల్లలను బెదరించినయెడల, ఉన్న అపాయమును చెప్పినప్పుడు వారు నమ్మరు.

ఉన్న అపాయములు ఇవి. మొదటిది నిద్ర. పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్లవారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. నిద్రలోనే దేహము ఎదుగును, పగలు చదివినది మనస్సులో కుదురుకొనును. దేవుడు తన ప్రియులకు నిద్ర నిచ్చునని 127వ కీర్తనవలన నేర్చుకొంటిమి. ఆయన ఇచ్చు ఆ కానుకను మన పిల్లలు రాత్రి రెండింటివరకు విప్పకుండ పారవేయుచున్నారు.

రెండవది కన్ను. చీనాదేశపు గ్వాంగ్‌జౌ పట్టణములో పండ్రెండు పాఠశాలలను తీసికొని, సగము బడులలో దినమునకు 40 నిమిషములు అదనముగా పిల్లలను ఆరుబయట నుంచిరి. మూడేండ్ల తరువాత, మిగిలిన బడులలో నూటికి సుమారు 40 మందికి దూరపుచూపు మందగింపగా, బయట ఆడిన పిల్లలలో సుమారు 30 మందికే మందగించెను. ఆ ఫలితము 2015లో వెలువడెను. ఆరుబయటి వెలుగు కంటికి మందువంటిది. దానికి వెల లేదు. దేవుడు దానిని అందరిమీదను ఉదయింపజేయుచున్నాడు.

మూడవది దేహపు కదలిక. అయిదు మొదలు పదునేడు ఏండ్ల పిల్లలు దినమునకు సగటున ఒక గంటయైనను చెమట పట్టునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా నిచ్చెను. మెడ వంచి, బొటనవ్రేళ్లు మాత్రమే కదలించు ఆట ఆ గంటను దొంగిలించును.

నాల్గవది దాస్యము. 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ అంగీకరించి, 2022 జనవరి 1 నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఈ ఆటల వ్యసనమును చేర్చిరి. దానికి మూడు గురుతులు. ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో తన వశములో లేకపోవుట ఒకటి. మిగిలిన పనులన్నిటికంటె, ఇష్టములన్నిటికంటె ఆటయే పైకి వచ్చుట రెండవది. నష్టము కనబడుచున్నను ఆపకుండుట మూడవది. ఇవి చదువును, కుటుంబమును గట్టిగా చెరుపుచు, సాధారణముగా పండ్రెండు నెలలు కొనసాగినయెడల అది వ్యాధి యని వైద్యుడు తేల్చును. ఆడువారిలో కొద్దిమందికే ఈ స్థితి వచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది. కాబట్టి ఆదివారము మధ్యాహ్నము అరగంట ఆడిన పిల్లవానిని రోగి యని పిలువరాదు.

ఈ దాస్యము ఎట్లు కలుగును? ఆటను అమ్ముకొనువారు దానిని గాలమునకు ఎర గ్రుచ్చినట్లు అమర్చుదురు. బహుమానము ఎప్పుడు వచ్చునో తెలియదు, వచ్చునని మాత్రము ఆశ. దినదినము రానివానికి నష్టము. నడిమధ్య విడిచినవానిని స్నేహితులు తిట్టుదురు. ఇక డబ్బు పెట్టి ఆడు ఆటల సంగతి వేరు. అది ఆట పేరుగల జూదమే. దానిని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటును దేశమంతటికి చట్టము చేసెను. అందులో చిక్కుకొని అప్పులపాలైన కొడుకు ఏ యింటనైన నున్నయెడల, దాచక చెప్పుడి. దాచిన అప్పు పెరుగును.

ఏశావు అమ్మిన వస్తువు

ఏశావు పొలమునుండి అలసి వచ్చి, ఒక గిన్నెడు చిక్కుడుకాయల వంటకము కొరకు తన జ్యేష్ఠత్వమును అమ్మెను. ఆ కూర విషము కాదు. ఆకలిగొన్నవాడు తినుట పాపము కాదు. దాని కొరకు ఏమి ఇచ్చివేసెనో అదియే అతని నష్టము. ప్రియులారా, మన పిల్లవాడు ఆటనుండి ఏమి పొందెనని మాత్రమే అడుగరాదు. దాని కొరకు ఏమి ఇచ్చెనని అడుగవలెను. ఇచ్చినది ఒక గంట తీరికయైనచో, అది వాని స్వంతము. ఇచ్చినది నిద్ర, చదువు, తల్లితో మాట, దేవునితో మాట యైనచో, వాడు జ్యేష్ఠత్వము అమ్మినవాడే.

అందుచేతనే పౌలు కొరింథీయులతో, చేయుటకు హక్కున్న పనులన్నియు మేలు చేయవనియు, ఏదియు తనమీద ఏలుబడి చేయనియ్యననియు చెప్పెను. అది చేయవచ్చునా అని మాత్రమే అడిగి ఊరకుండక, అది నన్ను ఏలుచున్నదా అని అడుగుటయే క్రైస్తవుని పరీక్ష.

తాళపుచెవి ఎవరియొద్ద నున్నది?

ఈ సంగతులన్నియు చదివి, మూడవ వారములో మేము ఆ తల్లి యింటికి వెళ్లితిమి. పిల్లవాడు అరుగుమీద కూర్చుండి తల ఎత్తలేదు. ఈసారి మేము బోధింపలేదు. “నీ ఆట మాకు చూపించు నాయనా” అని అడిగితిమి. వాడు నమ్మలేక మా ముఖము చూచెను. తల్లి పెట్టె తెరచి సెల్లు తెచ్చి యిచ్చెను. అరగంటసేపు వాడు మాకు ఆ ఆట బోధించెను. ఎవరు ముందు నడువవలెనో, గాయపడినవానిని ఎట్లు లేపవలెనో, నలుగురు ఎట్లు ఒకరినొకరు కాచుకొనవలెనో చెప్పెను. ఆదివారబడిలో మూడేండ్లుగా కూర్చున్న ఆ బాలుని నోట అన్ని మాటలు మేము ఎన్నడును వినలేదు.

“ఇంతసేపు ఎందుకు ఆడతావు బాబూ?” అని అడిగితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, “అందులో నలుగురు నా పేరు పెట్టి పిలుస్తారండి” అనెను. పిమ్మట మెల్లగా, “సాయంత్రం ఇంకెక్కడికి పోవాలండి? ఇదివరకు గుడి ఆవరణలో బంతి ఆడుకొనేవాళ్లం. మీరే గేటుకు తాళం వేశారు కదండి” అనెను.

ప్రియులారా, అది నిజము. రెండేండ్ల క్రిందట గుడిముందు క్రొత్త రాళ్లు పరపించి, పూలకుండీలు పెట్టించినప్పుడు, పిల్లలు పాడుచేయుదురని పెద్దలు తీర్మానించిరి. ఆ తీర్మానముమీద మేమును సంతకము చేసితిమి. పిల్లవాడు ఆ మాట చెప్పినప్పుడు తాళపుచెవి మా జేబులోనే యుండెను. చిన్నపిల్లలను తనయొద్దకు రానియ్యక ఆపిన శిష్యులమీద ప్రభువు కోపపడెను. ఆ శిష్యుల తప్పును మేము ఏటేట పిల్లల ఆదివారమున వర్ణించి చెప్పుచుంటిమి. ఆ శిష్యులలో మేమును ఉన్నామని ఆ అరుగుమీద తెలిసికొంటిమి.

పది దినముల పరీక్ష

అక్కడనే దానియేలు కథ జ్ఞాపకము వచ్చెను. దానియేలు రాజు భోజనమును తృణీకరించి పోట్లాడలేదు. పది దినములు శాకాహారముతో తమ్మును పరీక్షించి చూడుమని వినయముగా అడిగెను. మేమును ఆ బాలుని పది దినములు అడిగితిమి. సాయంకాలము అయిదు మొదలు ఆరున్నర వరకు గేటు తెరచియుండును, బంతి సంఘము కొనును. చదువు ముగిసిన తరువాత ఒక గంట ఆట ఆడవచ్చును, ఎవరును గద్దింపరు. తొమ్మిదింటికి సెల్లు తల్లి దిండు ప్రక్కకు చేరవలెను. ఇంకొక నిబంధన పిల్లవాడే పెట్టెను. “మీరు కూడా తొమ్మిదింటికి పెట్టేస్తారా అండీ?” అనెను. రాత్రి పదకొండింటివరకు మంచముమీద వీడియోలు చూచు అలవాటు మాకును గలదు. సిగ్గుపడి ఒప్పుకొంటిమి.

ఆ పది దినములలో అద్భుతము జరిగెనని వ్రాయము. నాల్గవ రాత్రి వాడు తల్లి నిద్రించిన పిమ్మట సెల్లు తీసికొనెను. ఉదయమున తానే వచ్చి చెప్పెను. మేమును రెండు రాత్రులు మాట తప్పితిమి గనుక వానిని గద్దించుటకు మాకు నోరు రాలేదు. మరల మొదటినుండి లెక్కించితిమి. రెండు పూలకుండీలు పగిలినవి. మొదట ముగ్గురు వచ్చిరి, వారము గడచునప్పటికి పదునలుగురు పిల్లలు, వారిలో అయిదుగురు ఆడపిల్లలు ఆవరణలో ఆడుచుండిరి. బడిలో ఇప్పుడు నిద్రపోవుట లేదని మాస్టరుగారు చెప్పిరి. వాడు నేటికిని సెల్లులో ఆడుచున్నాడు. కొన్ని దినములు ఆ గంట గంటన్నర యగును, తల్లికిని వానికిని మాటలు పెరుగును. అయితే వాడు ఆదివారము గుడిలో కూర్చున్నాడు. వాని పేరు పెట్టి పిలుచువారు ఇప్పుడు గుడిలోను నలుగురున్నారు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు మేము మొదట ఇయ్యవలసిన జవాబు ఇది. అమ్మా, ఆట పాపము కాదు. అది యజమానుడైనప్పుడు దాస్యము. దాసునికి కావలసినది తిట్టు కాదు, విడిపించువాడు. ఆ దాస్యము నెలల తరబడి వదలక, చదువును అన్నమును నిద్రను మ్రింగివేయుచున్నయెడల అది రోగము. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సిగ్గుపడము గదా, దీనికిని సిగ్గు అక్కరలేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014లోనే ఇట్టివారికొరకు ప్రత్యేక చికిత్సాలయము తెరచిరి. 2022 అక్టోబరునుండి ప్రభుత్వమువారి టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రార్థింతము, వైద్యునిని అడుగుదము. రెండును చేయుదము. ఇక పాపమేదని అడిగితివి. పిల్లలు ఆడుకొనుటకు దేవుడిచ్చిన చోటికి పెద్దలము తాళము వేసి, తరువాత ఆ పిల్లలనే నిందించుట పాపము. దానిని మేము ఒప్పుకొనుచున్నాము.

సంఘ పెద్దలారా, మీ గుడి గేటు సాయంకాలము తెరచియున్నదా? తండ్రులారా, భోజనపు వేళ మీ ఫోను ఎక్కడ నున్నది? తల్లులారా, లాగుకొనక మునుపు ఒకసారి ప్రక్కన కూర్చుండి చూడుడి. యువకులారా, పది దినములు మిమ్మును మీరే పరీక్షించుకొనుడి. ఆపగలిగినయెడల ఆట మీ దాసుడు. ఆపలేకపోయినయెడల దాచక వచ్చి చెప్పుడి. మేమును అదే పోరాటములో నున్నవారమే.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, ఆటను, నిద్రను, సాయంకాలపు వెలుగును మా బిడ్డలకు ఇచ్చినందుకు స్తోత్రము. మేము వారికి మూసిన తలుపులను క్షమించుము. వారిని ఏలుచున్న దేనినుండియైనను, మమ్మును ఏలుచున్న దేనినుండియైనను విడిపించుము. మా ఊరి వీథులు ఆడుకొను పిల్లలతో నిండునట్లు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.